సీసాలో ఆకు, చేతిలో ఆకు

అమ్మ మందుల పెట్టె సర్దుతుంటే అడుగున ఏడు సీసాలు దొరికాయి. ఏడూ నేను కొన్నవే. గింకో అనే చెట్టు ఆకుల సారం, పసుపులోంచి తీసిన కర్క్యుమిన్ క్యాప్సూల్స్, బ్రాహ్మి పేరుతో రెండు రకాలు, రోజ్‌మేరీ అనే వంట మూలిక ఎండు పొడి, కుంకుమపువ్వు మాత్రలు. ఏడోది మూలికలన్నీ కలిపేసిన ఒక పొడి. మూడు సగం వాడినవి, రెండు మూత కూడా తీయనివి. పద్నాలుగు నెలల్లో ఇన్ని పోగేశాను. వాటన్నిటినీ మంచం మీద వరసగా పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్కొక్క సీసా ఏ రోజు కొన్నానో గుర్తుంది. ప్రతిదాని వెనకా అమ్మ ఏదో ఒకటి మరచిపోయిన రోజు ఉంది.

అమ్మ 31 ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసింది. ఎవరి ఫోన్ నంబరు కావాలన్నా ఇంట్లో అందరం ఆమెనే అడిగేవాళ్లం. 74 ఏళ్లు వచ్చేదాకా అలాగే ఉంది. తర్వాత మెల్లగా మొదలైంది. అడిగిందే మళ్లీ అడగడం, పొయ్యి వెలిగించి దేనికి వెలిగించిందో తెలియక దాని ముందే నిలబడిపోవడం. ఇవి వయసుతో వచ్చేవేలే అనుకున్నాను. ఒకరోజు అమ్మ కళ్లజోడు తుడిచిపెడదామని దాని పెట్టె తెరిస్తే లోపల మడిచిన చీటీ ఒకటి ఉంది. అమ్మ గుండ్రటి అక్షరాలతో మా అమ్మాయి పేరు, కింద ‘మనవరాలు, డిగ్రీ రెండో సంవత్సరం’ అని రాసుకుంది. మా అమ్మాయి ఆ మర్నాడే సెలవులకి ఇంటికి వస్తోంది. మనవరాలి ముందు తడబడకూడదని అమ్మ ముందే సిద్ధమవుతోందన్నమాట. ఆ చీటీని ఎలా ఉన్నది అలాగే మడిచి పెట్టేశాను. మొదటి సీసా ఆ రాత్రే ఆర్డర్ చేశాను.

డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్లలేదు అంటే, భయం. వెళితే ఒక పేరు చెబుతారు, ఆ పేరు విన్నాక ఇక వెనక్కి రాలేం అనిపించింది. మొక్కల దగ్గర ఆ భయం లేదు. ‘ఆకే కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు’ అనుకున్నాను. ఈ ఒక్క మాట దగ్గరే నేను పొరపడ్డాను. ఇప్పుడు నాలాగే రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని వెతుకుతున్నవాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

ఒకరోజు స్నానం చేసి వచ్చాక అమ్మ ముంజేతి మీద అరచేయంత నల్లటి మచ్చ కనపడింది. దెబ్బ తగిలిందా అంటే లేదంది. రెండు రోజులకి మోచేతి దగ్గర ఇంకొకటి. అప్పుడు పరిగెత్తాం. డాక్టరు గారు మచ్చలు చూసి, అమ్మ ఎప్పటినుంచో వాడుతున్న మందుల చీటీ చూసి, “ఇవి కాక ఇంకేమైనా వేసుకుంటున్నారా అమ్మా?” అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, “మా అమ్మాయి ఏవో ఆకుల మాత్రలు ఇస్తుందండీ” అని చెప్పేసింది. ఆస్ప్రిన్ అమ్మకి రోజూ ఉంది. దానికి తోడు నేను ఎనిమిది నెలలుగా గింకో ఇస్తున్నాను. గింకో కూడా రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత తగ్గించవచ్చు, రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు అని ఆవిడ నిదానంగా చెప్పారు. మచ్చలు కచ్చితంగా దానివల్లేనని ఆవిడ అనలేదు. కానీ ఆ రోజే ఆపించారు. ఆవిడ నన్ను కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నలు నేను పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా వేసుకోనివి. నిద్ర ఎలా పడుతోంది, నిద్ర మాత్రలుగానీ అలర్జీ మాత్రలుగానీ వాడుతున్నారా, చెవులు సరిగా వినిపిస్తున్నాయా, నీళ్లు తాగుతున్నారా, మనసు దిగులుగా ఉంటోందా, కాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయా. తిమ్మిర్లున్నాయని అమ్మ చెప్పింది. అది నాకు తెలియదు. రక్త పరీక్షలు చేయించారు. థైరాయిడ్ సరిగానే ఉంది. బి12 బాగా తక్కువ ఉంది.

బి12 తగ్గితే మతిమరుపు, మందకొడితనం, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటే ఆ విటమిన్ ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. అమ్మ పదకొండేళ్లుగా వేసుకుంటోంది. పైగా వయసు పెరిగేకొద్దీ కడుపులో ఆమ్లం తగ్గి, తిన్న దానిలోంచి బి12 విడిపోవడమే కష్టమవుతుంది. అన్నిటికంటే నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటుంది. మొక్కల్లో మన ఒంటికి పనికొచ్చే బి12 దాదాపు ఉండదు. అంటే నేను కొన్న ఏడు సీసాల్లోని మొక్కలన్నిటినీ కలిపి నూరి పోసినా ఆ లోటు తీరేది కాదు. బాగుచేయగలిగిన సమస్య అమ్మ ఒంట్లో ఉండగా నేను పద్నాలుగు నెలలు ఆకుల వెంట పడ్డాను.

ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మూడో నెలకి తిమ్మిర్లు తగ్గాయి. పగలంతా కునుకుతూ ఉండే మనిషి పేపరు అడిగి చదవడం మొదలుపెట్టింది. కానీ పేర్లు మరచిపోవడం పోలేదు. ఇంకొన్ని పరీక్షలయ్యాక, ఇది వయసుకి మించిన మతిమరుపే, డిమెన్షియా, అంటే రోజువారీ పనులు కూడా చేసుకోలేనంత మతిమరుపు, మాత్రం ఇంకా కాదు, మామూలు మతిమరుపుకీ దానికీ మధ్య దశ అని డాక్టరు గారు చెప్పారు. ఈ దశలో ఉన్నవాళ్లందరూ డిమెన్షియాలోకి వెళ్లరట. కొందరు ఏళ్ల తరబడి అలాగే ఉంటారు, కొందరు కాస్త వెనక్కి కోలుకుంటారు కూడా.

ఆ తర్వాతే నేను నిజంగా చదవడం మొదలుపెట్టాను. అమ్మేవాళ్ల మాటలు పక్కనపెట్టి, ఎంతమందికి ఇచ్చారు, ఎంతకాలం ఇచ్చారు, ఇంకొందరికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూశారా అన్న మూడు ప్రశ్నలే పెట్టుకున్నాను. మా ఆఫీసులో నా పని లెక్కలు సరిచూడడమే. ఆ అలవాటు అమ్మ విషయంలో ఎందుకు పనిచేయలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గింకోతోనే మొదలుపెట్టాను, ఎందుకంటే దాని కథకి నేను పడిపోయాను. కోట్ల ఏళ్ల నాటి జాతి. హిరోషిమాలో బాంబు పడ్డాక కూడా మళ్లీ చిగురించిన గింకో చెట్లు ఉన్నాయి. అంత మొండి చెట్టు ఆకులో ఏదో శక్తి ఉండే ఉంటుందని మనసుకి తోచింది. దాని మీద అమెరికాలో చాలా పెద్ద పరీక్ష జరిగింది. 75 ఏళ్లు పైబడిన 3,069 మందిలో సగం మందికి రోజుకి రెండుసార్లు 120 మిల్లీగ్రాముల గింకో సారం, మిగతా సగానికి ఉత్తి మాత్ర ఇచ్చి ఆరేళ్లకు పైగా గమనించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 246 మందికి డిమెన్షియా వచ్చింది. గింకో వేసుకున్నవాళ్లలో 277 మందికి వచ్చింది. ఆ తేడాని బట్టి గింకో హాని చేసిందని అనలేం, కానీ ఆపలేకపోయిందన్నది మాత్రం స్పష్టం. ఫ్రాన్స్‌లో 70 ఏళ్లు దాటిన 2,800 మందికి పైగా మీద ఐదేళ్లు చేసిన పరీక్ష కూడా 2012లో ఇదే చెప్పింది. నేను అమ్మకి ఇచ్చిన సీసా మీద మోతాదు కూడా అదే, 120 మిల్లీగ్రాములు, రోజుకి రెండు. ఆ కాగితం చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆహారంగా గింకోలో తినేది గింజ, అదీ ఉడికించో వేయించో, కొద్దిగానే. ఎక్కువ తింటే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది, పచ్చివైతే మరీను. అందులోని విషం బి6 విటమిన్ పనిని అడ్డుకుంటుంది. ఒకే చెట్టు, ఒక్కో భాగానికి ఒక్కో గుణం.

బ్రాహ్మి సంగతి వేరు. దీన్ని పట్టించింది అమ్మే. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఉంటే, కళ్లజోడు పైకి జరిపి చూసి, “పేరొకటే రాశారు గానీ ఇవి రెండూ ఒకటి కాదే” అంది. నిజమే. ఒక సీసా మీద ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో, అంచు చుట్టూ సన్నటి గాట్లతో ఉంది. రెండోదాని మీద ఆకు చిన్నగా, మందంగా, గరిటె మొనలా ఉండి, పక్కన లేత ఊదా పువ్వు వేశారు. మొదటిది సరస్వతి ఆకు, శాస్త్రీయంగా సెంటెల్లా. రెండోది నీటి బ్రాహ్మి, బకోపా. కుటుంబమే వేరు. రెండిటినీ బ్రాహ్మి అనే అమ్ముతారు, రెండిటి లోపలి పదార్థాలూ వేరు. ఒకదాని మీద జరిగిన పరిశోధన చూపించి ఇంకోదాన్ని అమ్మినా మనకి తెలియదు. నేను అమ్మకి మందు ఎంచే పనిలో ఉన్నాను, ఆ బొమ్మల్లో తేడా చూసింది అమ్మ. ఆ మధ్యాహ్నం నాకు చాలా సంతోషంగా అనిపించింది.

నీటి బ్రాహ్మి మీద కొంచెం ఆశ కలిగించే పరీక్షలే ఉన్నాయి. డిమెన్షియా లేని 65 ఏళ్లు పైబడిన 54 మందికి 12 వారాలు రోజుకి 300 మిల్లీగ్రాముల సారం ఇస్తే, కాసేపటి క్రితం విన్న మాటల జాబితాని తిరిగి చెప్పడంలో కాస్త మెరుగయ్యారు. 55 దాటిన 98 మందితో చేసిన ఇంకో పరీక్షలోనూ నేర్చుకున్నది నిలుపుకోవడం మెరుగైంది. అయితే ఆ రెండో పరీక్షలో కడుపులో వికారం, విరేచనాలు ఎక్కువయ్యాయి. అమ్మకీ అదే అయింది. రెండు వారాలు వేసుకుని ‘నాకొద్దు తల్లీ’ అని పక్కన పెట్టేసింది. నేను బలవంతం చేసి ఇంకో వారం ఇచ్చాను. అది చేయకుండా ఉండాల్సింది. ఇంకా గమనించాల్సింది ఏమిటంటే, ఆ పరీక్షలు మూడు నెలలవి, పదుల మందితో చేసినవి. మరచిపోయే జబ్బు ఏళ్ల తరబడి నడుస్తుంది. పన్నెండు వారాల్లో ఒక జాబితా కొంచెం బాగా గుర్తుండడానికీ, పదేళ్ల తర్వాత మనవరాలి పేరు గుర్తుండడానికీ మధ్య చాలా దూరం ఉంది. కుంకుమపువ్వుదీ ఇంతే. టెహ్రాన్‌లో అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం) ఉన్న 46 మందికి 16 వారాలు రోజుకి 30 మిల్లీగ్రాములు ఇచ్చి మంచి ఫలితమే చూశారు. అంతకు పదింతల మందితో, ఏళ్ల తరబడి చేస్తే ఏమవుతుందో చూడాలి.

పసుపు గురించి అందరూ నాకు చెప్పారు, నేనూ చాలామందికి చెప్పాను. పసుపు పొడిలో కర్క్యుమిన్ బరువులో 3 శాతం చుట్టుపక్కల ఉంటుంది. అదీ నీళ్లలో కరగదు, పేగుల్లోంచి రక్తంలోకి సరిగా వెళ్లదు, వెళ్లినదాన్ని కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. ఇక మెదడు చుట్టూ ఉన్న అడ్డుగోడ దాటేది ఎంత? మిరియాల్లోని పైపరిన్ కలిపి ఇస్తే రక్తంలో కర్క్యుమిన్ 2000 శాతం పెరిగిందని 1998లో ఒక పరీక్షలో చూశారు. ఇప్పుడు చాలా క్యాప్సూల్స్‌లో పైపరిన్ కలుపుతున్నారు. కానీ పైపరిన్ ఆ పని చేసేది కాలేయం పనిని మందగింపజేసే. ఆ మందగింపు పసుపు ఒక్కదానికే ఆగదు కదా, మనం వేసుకునే మిగతా మందుల మోతాదు కూడా రక్తంలో పెరగవచ్చు. రోజుకి నాలుగైదు మాత్రలు వేసుకునే పెద్దవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అల్జీమర్స్ ఉన్నవాళ్లకి రోజుకి 2 గ్రాములు, 4 గ్రాములు చొప్పున 24 వారాలు కర్క్యుమిన్ ఇచ్చి చూశారు, ప్రయోజనం కనపడలేదు. డిమెన్షియా లేని 40 మందికి తేలికగా ఒంటికి పట్టేలా తయారుచేసిన కర్క్యుమిన్‌ని 18 నెలలు ఇస్తే జ్ఞాపకం మెరుగైందని 2018లో కాలిఫోర్నియా నుంచి వచ్చింది. 40 మంది అంటే ఒక తరగతి గదిలో పట్టేంత మంది. మరోపక్క ఇలా బాగా ఒంటికి పట్టేలా చేసిన కర్క్యుమిన్ క్యాప్సూల్స్ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. వంటలో వేసే పసుపు అలా ఒక్కసారిగా రక్తంలోకి చేరదు. అది చేరకపోవడమే మనకి రక్షణ కూడా అయిందేమో అని నాకు అనిపిస్తుంది.

ఇవన్నీ చదువుతుండగా రోజ్‌మేరీ మీద ఒక చిన్న పరీక్ష కనపడింది, నా ఆలోచన అంతా అక్కడే మలుపు తిరిగింది. 28 మంది, సగటు వయసు 75. ఎండు రోజ్‌మేరీ పొడిని రకరకాల మోతాదుల్లో ఇచ్చి, ఆ తర్వాత కొన్ని గంటలు వాళ్ల జ్ఞాపకం ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలిచారు. 750 మిల్లీగ్రాములు, అంటే వంటలో మామూలుగా వేసుకునేంత, ఇచ్చినప్పుడు చురుకుదనం పెరిగింది. 6,000 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు తగ్గింది. ఊరికే ఉపయోగపడకపోవడం కాదు, నిజంగానే తగ్గింది. ఇది కూడా చిన్న పరీక్షే, కొన్ని గంటలదే. దీన్ని పట్టుకుని రోజ్‌మేరీని మందు అనలేను. కానీ ‘కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిది’ అన్న లెక్కతోనే కదా నేను ఏడు సీసాలూ కొన్నది. అమ్మ నలభై ఏళ్లుగా ఏదైనా వేళ్లతో తీసి వేసేది, స్పూను కూడా వాడేది కాదు. ఆ చిటికెడు కొలతని నేను క్యాప్సూల్ చేసి పదింతలు పెంచాను.

మొక్కల్లో మందు లేదని నేను అనడం లేదు. అల్జీమర్స్‌కి ఇప్పుడు వాడే గాలంటమిన్ అనే మందు మొక్కలోంచి వచ్చిందే. మంచు కరిగే వేళ పూసే స్నోడ్రాప్ అనే చిన్న తెల్లపువ్వు మొక్క దుంపలోంచి 1950లలో బల్గేరియాలో తీశారు. మెదడులో జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే పదార్థం త్వరగా విరిగిపోకుండా అది అడ్డుపడుతుంది. 2001లో అమెరికాలో అల్జీమర్స్ మందుగా అనుమతి వచ్చింది. జబ్బుని నయం చేయదు, కొందరిలో లక్షణాలని కొంతకాలం తగ్గిస్తుంది. ఆ పువ్వు నుంచి ఆ మాత్ర దాకా రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఏ పదార్థం, ఎన్ని మిల్లీగ్రాములు, ఎవరికి ఇవ్వకూడదు, గుండె వేగం ఎంత తగ్గుతుంది అన్నీ కొలిచారు. ఆ దుంపని ఎవరూ తినకూడదు, విషం. మొక్కలోంచి మందు రావడమంటే ఇంత పని ఉంది. నా సీసాల మీద ఆ యాభై ఏళ్ల పని లేదు, ఆకు బొమ్మ మాత్రం ఉంది. 2004లో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే 70 ఆయుర్వేద మూలికా మందులని పరీక్షిస్తే 14 వాటిల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి కనిపించాయి. సీసం మెదడుని దెబ్బతీస్తుందని వేరే చెప్పాలా? మెదడు కోసమే కొన్నదాంట్లో అది ఉంటే?

మరి తిండిగా తినే ఆకుల మాటేమిటి? ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇప్పుడు మా ఇంట్లో జరుగుతున్నది ఇదే. షికాగోలోని రష్ యూనివర్సిటీలో మార్తా క్లేర్ మోరిస్ అనే శాస్త్రవేత్త ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2018లో వచ్చిన ఆమె అధ్యయనంలో 960 మంది పెద్దవాళ్లున్నారు, సగటు వయసు 81. ఏం తింటున్నారో రాయించుకుని, దాదాపు ఐదేళ్లు ఏటా జ్ఞాపక పరీక్షలు పెట్టారు. రోజూ ఒక పూట ఆకుకూర తినేవాళ్లలో, అసలు తినని, లేదా ఎప్పుడో గానీ తినని వాళ్లతో పోలిస్తే, మెదడు నెమ్మదించడం తక్కువగా ఉంది. ఆ తేడా 11 ఏళ్లు చిన్న వయసులో ఉండడంతో సమానమని లెక్క వేశారు. ఆకుల్లోని ఫోలేట్, ల్యూటిన్, విటమిన్ కె లాంటి పోషకాలు కారణం కావచ్చంటారు. ఆకుకూరలు, బెర్రీలు, గింజలు, పప్పుధాన్యాలు ఎక్కువగా ఉండే మైండ్ డైట్ రూపొందించింది కూడా ఆమే. 2015లో 923 మంది మీద చూసినప్పుడు, దాన్ని బాగా పాటించినవాళ్లలో అల్జీమర్స్ ముప్పు 53 శాతం తక్కువగా కనిపించింది.

కానీ పూర్తి లెక్క చెప్పాలి. ఆకుకూరలు తినేవాళ్లు నడవడం, చదువుకోవడం, మందులు సరిగా వేసుకోవడం కూడా ఎక్కువే చేస్తుంటారు. తేడా ఆకుదా, మనిషిదా అన్నది అలాంటి అధ్యయనంలో పూర్తిగా విడదీయలేం. అందుకే 604 మందిని రెండు గుంపులు చేసి మూడేళ్లు పరీక్షించారు. ఒక గుంపుకి మైండ్ డైట్, ఇంకో గుంపుకి వాళ్ల మామూలు తిండే, ఇద్దరికీ తిండి కాస్త తగ్గించమన్నారు. 2023లో ఫలితం వచ్చింది. రెండు గుంపులూ కొంచెం మెరుగయ్యాయి, ఇద్దరి మధ్యా తేడా తేలలేదు. అప్పటికి మోరిస్ చనిపోయి మూడేళ్లయింది. ఆమె ఎన్నో ఏళ్ల కష్టం ఆ కాగితంలో ఇంకోలా ముగియాలని నేను కూడా కోరుకున్నాను. మూడేళ్లు తక్కువ కావచ్చు, తిండి ప్రభావం ముప్పై ఏళ్ల లెక్క కావచ్చు. నేనైతే ఆకుకూర మానలేదు. మందు అనుకుని తినడం మాత్రం మానేశాం. ఇంకో మాట. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వేసుకునేవాళ్లు ఒక్కసారిగా ఆకుకూరలు పెంచకూడదు, తగ్గించనూ కూడదు. అందులోని విటమిన్ కె ఆ మందు పనిని తారుమారు చేస్తుంది. రోజూ ఒకే మోతాదులో తింటూ డాక్టరుకి చెప్పాలి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను, అవి మొక్కల మాటలు కావు గనుక. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల మధ్య ఉన్న 1,260 మందికి రెండేళ్లు తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ షుగర్ల అదుపు అన్నీ కలిపి చేయిస్తే ఆలోచనా శక్తిలో తేడా కనపడింది. ఏ ఒక్కటీ విడిగా కాదు, అన్నీ కలిపి. వారానికి మూడుసార్లు నలభై నిమిషాలు నడిచిన పెద్దవాళ్లలో ఏడాదికి మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం 2 శాతం పెరిగిందని 2011లో ఇంకో పరీక్ష చూపింది. జ్ఞాపకాలకి ఆ భాగమే ముఖ్యం. అమ్మకి కుడిచెవి సరిగా వినపడటం లేదని కూడా డాక్టరు గారి దగ్గరికి వెళ్లాకే తెలిసింది. మేం చెప్పినవాటిలో సగం ఆమె మరచిపోలేదు, అసలు వినలేదు. వినికిడి యంత్రం పెట్టించాం. తమ్ముడు ఫోన్ చేసినప్పుడు ‘ఏంటి, ఏంటి’ అనడం తగ్గింది. ఈ ఒక్కదానికి మేం పద్నాలుగు నెలలు ఆలస్యం చేశాం.

ఇప్పుడు కిటికీ దగ్గర నాలుగు కుండీలున్నాయి. పుదీనా, కొత్తిమీర, పాలకూర, సరస్వతి ఆకు. సాయంత్రం అమ్మ అక్కడ కూర్చుని ఆకు ఒలుస్తుంది. అది చూడాలి. ఎడమ చేత్తో కాడ మొదలు పట్టుకుంటుంది, కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు పైనుంచి కిందికి ఒక్క జారుడు జారతాయి, ఆకులు మొత్తం పళ్లెంలో పడతాయి. ముదురు కాడ విరిస్తే టప్పుమంటుంది, లేతది వంగుతుంది. విరగనిదాన్ని ఆకుతోపాటే ఉంచేస్తుంది. పురుగు తిన్న ఆకుని వెనక్కి తిప్పి చూసి, గుడ్లు ఉంటే పక్కన పెడుతుంది. ఇవేవీ ఆలోచించి చేయదు. ఏ రోజో, ఏ వారమో చెప్పలేని సాయంత్రాల్లో కూడా ఆ వేళ్లు ఒక్క తప్పు చేయవు. చేతికి అలవాటైన పనుల జ్ఞాపకం మెదడులో వేరే దారిలో ఉంటుందని, పేర్లూ తారీఖులూ పోయాక కూడా చాలాకాలం నిలుస్తుందని డాక్టరు గారు చెప్పారు. నేను మొదట్లో అమ్మకి శ్రమ అని ఆ పని చేయనిచ్చేదాన్ని కాదు. శుభ్రం చేసి కోసి ఉన్నవే కొనేదాన్ని.

వాసన కూడా చూస్తాం. అల్జీమర్స్ మొదట దెబ్బతీసేవాటిలో వాసన గుర్తుపట్టే శక్తి ఒకటి, అందుకే నేను దాన్ని గమనిస్తూ ఉంటాను, కానీ అమ్మకి పరీక్షలా అనిపించకూడదు. ఒక ఆకు నలిపి ఆమెకి ఇస్తాను, ఇంకోటి నేను తీసుకుంటాను. పుదీనా అయితే ఇప్పటికీ వెంటనే చెబుతుంది. సరస్వతి ఆకు నమిలి, “చేదు. దీన్నే కదా సీసాలో పోసి ఇచ్చావు” అంటుంది.

మొన్న కొత్తిమీర ఇచ్చాను. వేళ్ల మధ్య నలిపింది, కళ్లు మూసుకుని వాసన చూసింది, మళ్లీ చూసింది. పేరు రాలేదు. నేను అందించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కాసేపయ్యాక, “ఇది పొయ్యి కట్టేశాక వేసేది” అంది.

“అవునమ్మా” అన్నాను.

కట్ట మొత్తం ఒళ్లోకి తీసుకుని, పసుపురంగుకి తిరిగిన రెండు ఆకులు ఏరి పక్కన పెట్టి, మిగతావి ఒలవడం మొదలుపెట్టింది.